పిత్తాశయం తీసేసిన తర్వాత మిగిలే నొప్పి

పిత్తాశయాన్ని ఆపరేషన్ చేసి తీసేసిన తర్వాత కూడా కడుపు పైభాగంలో నొప్పి అలాగే ఉండిపోవడాన్ని, లేదా తగ్గినట్టే తగ్గి నెలలకో ఏళ్లకో మళ్లీ రావడాన్ని వైద్యులు పోస్ట్ కోలిసిస్టెక్టమీ సిండ్రోమ్ అంటారు. వోమాక్, క్రైడర్ అనే అమెరికన్ వైద్యులు 1947లో దీన్ని వివరించారు. నొప్పితో పాటు ఉబ్బరం, వికారం, పుల్లటి తేన్పులు, తిన్న వెంటనే విరేచనానికి వెళ్లాల్సి రావడం కూడా ఈ పేరు కిందికే వస్తాయి. పేరు ఒకటే గానీ దీని వెనుక ఉన్న జబ్బులు అనేకం. నాళంలో మిగిలిపోయిన రాయి మొదలుకొని పొట్ట గోడలో చిక్కుకున్న నరం దాకా ఏదైనా కారణం కావచ్చు. అందువల్ల ఈ పేరు రాసి ఊరుకుంటే రోగ నిర్ధారణ జరిగినట్టు కాదు. అసలు కారణం ఏమిటన్నది అక్కడి నుంచి వెతకాలి.

ఎంతమందికి ఇలా జరుగుతుందన్న దాని మీద లెక్కలు చాలా తేడాగా ఉన్నాయి. ఏయే బాధలను లెక్కలోకి తీసుకున్నారన్న దాన్ని బట్టి 5 శాతం నుంచి 40 శాతం దాకా చెబుతారు. నెదర్లాండ్స్‌లో రాళ్లు, కడుపునొప్పి రెండూ ఉన్న 1,067 మందిపై జరిగిన అధ్యయనం 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఒక జట్టుకు మామూలు పద్ధతిలో వైద్యం చేశారు. రెండో జట్టులో నిర్దిష్టమైన లక్షణాలు ఉన్నవారికే ఆపరేషన్ సూచించారు. రెండు జట్లలోనూ ఎక్కువమందికి ఆపరేషన్ అయింది. ఏడాది గడిచాక చూస్తే మొదటి జట్టులో 60 శాతం, రెండో జట్టులో 56 శాతం మందికే నొప్పి పూర్తిగా పోయింది. ఆపరేషన్ తర్వాత కూడా నొప్పి ఉందని చెప్పేవారి మాటను అనుమానంగా చూడకూడదనడానికి ఈ ఒక్క అధ్యయనం చాలు.

పిత్తాశయం లేని శరీరం

కాలేయం రోజుకు సుమారు అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం తయారు చేస్తుంది. కాలేయం అడుగున అతుక్కుని ఉండే పిత్తాశయం 30 నుంచి 50 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి. రసాన్ని నిల్వ చేసుకుని, నీరు పీల్చేసి చిక్కబరచి, కొవ్వు పదార్థాలు తిన్నప్పుడు ముడుచుకుని ఆ రసాన్ని చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలోకి వదలడం దీని పని. సంచి తీసేశాక రసం నిల్వ ఉండే చోటు పోయి, కొద్దికొద్దిగా పేగులోకి చేరుతూనే ఉంటుంది. జీర్ణం ఆగదు. కొందరిలో పెద్దపేగుకు చేరే పైత్య లవణాలు ఎక్కువై నీళ్ల విరేచనాలు అవుతాయి. దానికి కొలెస్టిరమిన్ పొడి బాగా పనిచేస్తుంది.

మరో మార్పు స్కానింగ్ రిపోర్టుల్లో కనిపించి అనవసరంగా కంగారు పెడుతుంది. మామూలుగా 6 మిల్లీమీటర్లకు మించని ఉమ్మడి పిత్తనాళం ఆపరేషన్ తర్వాత 10 మిల్లీమీటర్ల వరకు వెడల్పు కావచ్చు. కామెర్లు లేకుండా, రక్తపరీక్షలు మామూలుగా ఉన్నప్పుడు ఈ వెడల్పు ఒక్కటే జబ్బుకు గుర్తు కాదు.

పిత్తాశయాన్ని మొదటిసారి తీసినది జర్మన్ సర్జన్ కార్ల్ లాంగెన్‌బుక్. 1882 జులై 15న బెర్లిన్‌లో 43 ఏళ్ల రోగికి ఆ ఆపరేషన్ చేశాడు. రాళ్లు ఉన్నందుకు కాక, రాళ్లను పుట్టిస్తున్నందుకే సంచిని తీసేయాలన్నది ఆయన వాదన. జర్మనీలోనే 1985లో ఎరిక్ మ్యూహె లాపరోస్కోపీతో ఈ పని చేశాడు. మన దేశంలో 1990లో ముంబైలో తెహెంటన్ ఉద్వాడియా ఆ పద్ధతిని మొదలుపెట్టారు. పెద్ద కోత పోయి చిన్న రంధ్రాలతో పని జరగడం, రోగి ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వెళ్లడం నిజంగా పెద్ద మేలు. అయితే ఆపరేషన్ తేలికయ్యే కొద్దీ, ఈ నొప్పి ఆ రాయి వల్లేనా అన్న ప్రశ్న వేసుకోవడం తగ్గింది. పిత్తాశయంలో రాళ్లున్న వారిలో ఎక్కువమందికి జీవితాంతం ఏ బాధా ఉండదు. గ్యాస్ట్రైటిస్ నొప్పితో స్కానింగ్‌కు వెళ్లిన మనిషిలో అలాంటి మౌనపు రాయి కనిపిస్తే, రాయి తీసినా నొప్పి తీరదు.

నాళంలో కారణం ఉన్నప్పుడు

అన్నిటికంటే ముందు వెతకాల్సినది పిత్తనాళంలో రాయి. ఆపరేషన్ నాటికే నాళంలోకి జారి కనిపించకుండా ఉండిపోయిన రాయి తర్వాత బయటపడవచ్చు. రెండేళ్లలోపు కనిపించిన దాన్ని మిగిలిపోయిన రాయిగా, ఆ తర్వాత కనిపించిన దాన్ని నాళంలోనే కొత్తగా పుట్టిన రాయిగా లెక్కించడం వైద్యుల ఆనవాయితీ. సంచి పోయింది కాబట్టి ఇక రాళ్లు రావన్న నమ్మకం ఇక్కడే దెబ్బతింటుంది.

నాళం నొప్పికి ఒక తీరు ఉంటుంది. పొట్ట పైభాగంలో నడిమధ్యనో, కుడి పక్కటెముకల కిందో మొదలై, పెరిగి, ఒక స్థాయికి చేరి అరగంటకు పైగా అలాగే నిలుస్తుంది. వీపులోకో, కుడి భుజపుటెముక కిందికో పాకుతుంది. నిద్రలోంచి లేపుతుంది. పక్కకు తిరిగి పడుకున్నా, విరేచనమైనా, యాంటాసిడ్ తాగినా తగ్గదు. రోజంతా ఉండే సన్నటి మంట, తిన్నాక ఉబ్బరం, గ్యాస్ పోతే ఉపశమనం అనేవి ఈ కోవలోకి రావు.

సంచిని నాళంతో కలిపే చిన్న గొట్టం సెంటీమీటరుకు పైగా మిగిలితే అందులోనూ రాయి చేరవచ్చు. వాపు, అతుకులు విపరీతంగా ఉన్నప్పుడు సర్జన్ ప్రమాదం తప్పించడానికి కావాలనే సంచిలో కొంత భాగం వదిలేస్తాడు. అలా వదలడం చాలాసార్లు మంచి నిర్ణయమే. కానీ ఏళ్ల తర్వాత ఆ మిగిలిన భాగంలో రాళ్లు కట్టవచ్చు. ఆపరేషన్ నోట్స్‌లో ఆ సంగతి ఉంటుంది, రోగికి మాత్రం తెలియదు. ఆపరేషన్‌లో నాళానికి గాయమైతే మచ్చ కట్టి నాళం సన్నబడుతుంది. లాపరోస్కోపీలో ఇలాంటి గాయం వెయ్యి ఆపరేషన్లలో మూడు నుంచి అయిదింటిలో జరుగుతుంది. లక్షణాలు కొన్ని నెలలకు గానీ, ఏళ్లకు గానీ బయటపడవచ్చు.

ఓడి కండరం

పిత్తనాళం, క్లోమనాళం కలిసి పేగులోకి తెరుచుకునే చోట చుట్టూ ఒక కండరపు వలయం ఉంటుంది. 1887లో దాన్ని వివరించిన ఇటలీ వైద్య విద్యార్థి రుజ్జేరో ఓడి పేరే దానికి స్థిరపడింది. సంచి తీసేశాక ఈ వలయం సరిగా వదులుకాక నాళంలో ఒత్తిడి పెరిగి నొప్పి వస్తుందన్న ఆలోచన 20వ శతాబ్దం చివర బాగా బలపడింది. ఎండోస్కోపీ ద్వారా వలయాన్ని కోసి వదులు చేయడం మామూలు చికిత్సగా మారింది.

నొప్పితో పాటు కాలేయ ఎంజైములు పెరిగి, నాళం కూడా ఉబ్బి ఉంటే అక్కడ నిజంగానే అడ్డు ఉంటుంది, కోత మేలు చేస్తుంది. నొప్పి తప్ప మరే ఆధారమూ లేనివారి సంగతి వేరు. అలాంటి 214 మందిపై అమెరికాలో జరిగిన ఎపిసాడ్ పరీక్ష ఫలితాలు 2014లో జామా పత్రికలో వచ్చాయి. ఒక భాగానికి వలయాన్ని కోశారు. మరో భాగానికి ఎండోస్కోపీ చేశారు గానీ కోత పెట్టలేదు. ఎవరికి కోత పెట్టారో రోగులకు చెప్పలేదు. కోత పెట్టినవారిలో 23 శాతం మందికి, పెట్టనివారిలో 37 శాతం మందికి ఉపశమనం కలిగింది. ఈ వైద్యరంగంలో ఇంత స్పష్టంగా ఒక అలవాటును ఆపించిన పరీక్షలు కొన్నే. ఈఆర్‌సీపీ అనే ఆ ఎండోస్కోపీ ప్రమాదం లేనిది కూడా కాదు, దాని వల్ల క్లోమం వాచి రోగి ఆస్పత్రి పాలు కావచ్చు. ఇలాంటి జీర్ణకోశ జబ్బుల నిర్ధారణకు వాడే రోమ్ ప్రమాణాలు 2016లో నొప్పి ఒక్కటే ఉన్నవారిని ఈ జబ్బు జాబితా నుంచి తొలగించాయి.

మందుల ప్రస్తావన ఒకటి ఇక్కడ అవసరం. కొడీన్, మార్ఫిన్ జాతి మందులు ఈ వలయాన్ని బిగిస్తాయి. పిత్తాశయం లేనివారిలో కొందరికి కొడీన్ కలిసిన మాత్ర వేసుకున్న కొద్దిసేపటికే తీవ్రమైన నొప్పి వస్తుంది. నొప్పి ఎప్పుడు వచ్చిందని అడిగేటప్పుడు అంతకుముందు ఏ మాత్ర వేసుకున్నారని కూడా అడగాలి.

పొట్ట గోడ

చాలామంది రోగులు ఏళ్ల తరబడి స్కానింగ్‌లు చేయించుకుంటూ తిరగడానికి కారణం పొట్ట గోడను ఎవరూ చూడకపోవడం. లాపరోస్కోపీ రంధ్రాలు పెట్టిన చోట చర్మానికి వెళ్లే సన్నటి నరం మచ్చలో చిక్కుకోవచ్చు. అప్పుడు నొప్పి ఉన్న చోటును రోగి ఒక్క వేలితో చూపించగలడు.

దీన్ని కనిపెట్టడానికి యంత్రం అక్కర్లేదు. రోగిని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, నొప్పి ఉన్న చోట వైద్యుడు వేలి కొనతో నొక్కి పట్టుకుంటాడు. చేతులు ఛాతీ మీద కట్టుకుని తల, భుజాలు పైకెత్తమంటాడు. పొట్ట కండరాలు బిగుసుకుంటాయి. నొప్పి లోపలి అవయవానిదైతే బిగిసిన కండరం దాన్ని కాచి నొప్పి తగ్గుతుంది. నొప్పి అలాగే ఉన్నా, పెరిగినా అది గోడలోనిదే. కార్నెట్ అనే వైద్యుడు 1926లో చెప్పిన ఈ పరీక్షకు అర నిమిషం పడుతుంది. ఆ చోట లిగ్నోకైన్ ఇంజెక్షన్ ఇస్తే కొద్ది నిమిషాల్లో నొప్పి పోతుంది. కొందరికి అదే చికిత్స కూడా అవుతుంది. బొడ్డు దగ్గర పెద్ద రంధ్రం పెట్టిన చోట హెర్నియా ఉందేమో నిలబెట్టి, దగ్గించి చూడాలి.

లోపలి అతుకుల వల్లే నొప్పి అన్న మాట తరచూ వినిపిస్తుంది. నెదర్లాండ్స్‌లో దీర్ఘకాలపు కడుపునొప్పి ఉన్న 100 మందిపై చేసిన పరీక్షలో అతుకులు విడదీసినవారికి, లోపల చూసి వదిలేసినవారికి ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2003లో తేలింది. కేవలం నొప్పి కోసం అతుకులు విడదీయించుకోవడానికి మళ్లీ బల్ల ఎక్కడం మంచిది కాదు.

పిత్తాశయానికి సంబంధం లేని నొప్పి

కడుపులో పుండు, హెలికోబాక్టర్ ఇన్ఫెక్షన్, అన్నవాహికలోకి ఆమ్లం ఎగదన్నడం, ఐబీఎస్ అనే పేగు సమస్య, క్లోమం వాపు, కుడి కిడ్నీలో రాయి, వెన్నుపూస నరం ఒత్తిడి అన్నీ అదే చోట నొప్పి తెస్తాయి. నడిస్తే వచ్చి ఆగితే తగ్గే నొప్పి గుండెది కావచ్చు. ఏళ్ల తరబడి నొప్పి అనుభవించినవారిలో నరాలు సున్నితమైపోయి, కారణం తొలగినా సంకేతాలు పంపుతూనే ఉంటాయి. ఇలాంటి నొప్పిని మనసు కల్పించుకున్నదని కొట్టిపారేయడం అన్యాయం. తక్కువ మోతాదు అమిట్రిప్టిలిన్ వంటి మందులు దీనికి ఇస్తారు.

పరీక్షలు, చికిత్స

నొప్పి వచ్చిన రోజే రక్తం తీసి కాలేయ ఎంజైములు, క్లోమపు ఎంజైమైన లైపేజ్ చూడటం మిగతా పరీక్షలన్నిటికంటే విలువైనది. నొప్పి పోయిన వారానికి చేస్తే అవి మామూలుగానే ఉండవచ్చు. మామూలు అల్ట్రాసౌండ్‌లో పేగులోని గాలి అడ్డుపడి నాళం చివర కనిపించదు. ఎంఆర్‌సీపీ స్కాన్, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ నాళాన్ని బాగా చూపిస్తాయి. 5 మిల్లీమీటర్ల కంటే చిన్న రాళ్లను ఎంఆర్‌సీపీ వదిలేయవచ్చు, అక్కడ రెండోది మెరుగు. రాయి ఉందని తేలాకే ఈఆర్‌సీపీ ద్వారా తీయాలి. ఏముందో చూద్దామని నేరుగా ఈఆర్‌సీపీకి వెళ్లడం ఇప్పటి పద్ధతి కాదు.

ఆపరేషన్ నోట్స్, తీసిన సంచి బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్‌కు ముందు చేసిన స్కానింగ్ కాగితాలు మూడూ రోగి దగ్గర ఉండాలి. రాళ్ల కోసం తీసిన సంచిలో అరుదుగా క్యాన్సర్ బయటపడుతుంది. బయాప్సీ రిపోర్టు తీసుకోకుండా వదిలేస్తే ఆ సంగతి నెలల తర్వాత నొప్పిగా, బరువు తగ్గడంగా తెలుస్తుంది.

తిండి విషయంలో ఇళ్లలో అతిగా జాగ్రత్త పడుతుంటారు. నెయ్యి, వేపుడు పడని వారు వాటిని తగ్గించుకుని, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తింటే చాలు. జీవితమంతా చప్పిడి కూడు తినాల్సిన పని లేదు.

కామెర్లు కనిపిస్తే చేతి మీద వాత పెట్టించుకోవడం, పసరు మందు తాగడం తెలుగునాట ఇంకా ఉన్న అలవాటు. వైరస్ వల్ల వచ్చిన కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి గనుక ఆ మందుకు పేరొస్తుంది. నాళంలో రాయి అడ్డుపడి వచ్చిన కామెర్లు అలా తగ్గవు. నాళంలో చీము పట్టి రక్తంలోకి పాకితే ప్రాణం పోతుంది. పిత్తాశయం తీసేసిన మనిషికి కడుపునొప్పితో పాటు చలిజ్వరం, కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగుకు తిరగడం కనిపిస్తే అదే రోజు ఈఆర్‌సీపీ సౌకర్యం ఉన్న ఆస్పత్రికి చేర్చాలి.