టామ్ రోల్ట్, టాలిల్లిన్ రైలు: మూతపడే మార్గాన్ని అభిమానులే నడిపిన కథ

1950 అక్టోబరు 11న ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో, ఇంపీరియల్ హోటల్లో సుమారు 70 మంది సమావేశమయ్యారు. వేల్స్ పడమటి తీరంలో మూతపడే స్థితికి చేరిన ఒక చిన్న రైలు మార్గాన్ని నిలబెట్టడం ఎలాగన్నది చర్చాంశం. అక్కడ పుట్టిన టాలిల్లిన్ రైల్వే పరిరక్షణ సంఘం ఏడాది తిరక్కుండానే ఆ మార్గం మీద బండి నడిపింది. సభ్యుల చందాతో, జీతం ఆశించని శ్రమతో ఒక రైలు మార్గం నడవడం ప్రపంచంలో అదే మొదలు. ఆ సమావేశం వెనకున్న ముఖ్యుడు ఇంజనీరు, రచయిత లయొనెల్ థామస్ కాస్వాల్ రోల్ట్. పుస్తకాల అట్టల మీద ఎల్.టి.సి. రోల్ట్, మిత్రులకు టామ్.

టాలిల్లిన్ రైలు పలకరాయి కోసం పుట్టింది. మాంచెస్టర్‌లో నూలు మిల్లులున్న మెక్కానెల్ కుటుంబం, 1861లో మొదలైన అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తి రాక తగ్గిపోవడంతో ఇతర వ్యాపారాల వైపు చూసింది. అదే పత్తి కరువు ఇండియా పత్తికి ఒక్కసారిగా గిరాకీ తెచ్చింది. వేల్స్ కొండల్లో అది గని తవ్వకానికి పెట్టుబడి తెచ్చింది. బ్రిన్ ఎగ్లూయిస్ గనిలో తీసిన పలకరాయిని తీరానికి చేర్చడానికి టవిన్ పట్టణం నుంచి అబర్‌గనోల్విన్ ఊరి సమీపం దాకా పట్టాలు వేశారు. 1865లో పార్లమెంటు చట్టంతో అనుమతి వచ్చింది. పట్టాల మధ్య దూరం 2 అడుగుల 3 అంగుళాలు. డార్జిలింగ్ కొండ రైలు గేజి 2 అడుగులు, మన దేశంలో మామూలు నారోగేజి రెండున్నర అడుగులు. ఇది ఆ రెంటికీ మధ్యది. దారిలో డోల్గోఖ్ దగ్గర లోయ మీద మూడు కమానుల ఇటుక వంతెన కట్టారు. ఇంజన్లు రెండే, రెండూ వైట్‌హేవెన్‌లోని ఫ్లెచర్ జెన్నింగ్స్ కంపెనీ చేసినవి. 1864 నాటి దాని పేరు టాలిల్లిన్, 1866 నాటి దాని పేరు డోల్గోఖ్.

మొదటి నుంచీ ఇది పొదుపుగా కట్టిన మార్గం. 1866లో ప్రభుత్వ తనిఖీ అధికారి కెప్టెన్ టైలర్ వచ్చి చూస్తే, దారికి అడ్డంగా ఉన్న వంతెనల కింద పెట్టెకూ గోడకూ మధ్య చాలినంత ఖాళీ లేదు. తలుపు తెరిచి బయటికి వంగితే ప్రయాణికుడికి ప్రాణాపాయం. వంతెనలు పడగొట్టి మళ్లీ కట్టే ఖర్చు పెట్టలేక, కంపెనీ ఒక ఉపాయం చేసింది. వంతెనల కింద పట్టాలను ఒక పక్కకు జరిపి, ఇరుకు మిగిలిన వైపు పెట్టెల తలుపులను శాశ్వతంగా మూసేసింది. అందుకే ఈ మార్గంలో స్టేషన్లన్నీ ఒకే వైపు ఉంటాయి. ప్రయాణికుల పెట్టెలు నాలుగు, వాటితో పాటు ఒక గార్డు పెట్టె. ఆ గార్డు పెట్టెకు టికెట్ల కిటికీ ఉండేది. దారిలోని చిన్న హాల్టుల్లో గార్డే దిగి, ఆ కిటికీలోంచి టికెట్లు అమ్మి, బండి ఎక్కి జెండా ఊపేవాడు. ఎనభై ఏళ్ల తరువాత రోల్ట్ బృందం చేతికి వచ్చినవి ఇవే ఇంజన్లు, ఇవే పెట్టెలు. మధ్యలో కొత్తవి కొనే స్తోమత కంపెనీకి ఎప్పుడూ కలగలేదు. ఆ పేదరికమే పాత సామగ్రిని కాపాడింది.

1911లో గనినీ రైలునూ స్థానిక నాయకుడు హెన్రీ హేడన్ జోన్స్ కొన్నారు. 1910 నుంచి 1945 దాకా ఆయన ఆ ప్రాంతపు పార్లమెంటు సభ్యుడు. పలకరాయి వ్యాపారం ఏటికేడూ చిక్కిపోతున్నా ఆయన రైలు ఆపలేదు. 1946 డిసెంబరులో గని లోపల కూలడంతో తవ్వకం ఆగిపోయింది. ఇక రైలుకు సరుకు లేదు, వేసవిలో వచ్చే విహారయాత్రికులే ఆధారం. 1948లో బ్రిటన్ రైల్వేలు జాతీయమైనప్పుడు ఆ జాబితాలో టాలిల్లిన్ పేరు లేదు. జాబితాలో చేరి ఉంటే నష్టాల మార్గంగా త్వరగానే మూసేసేవారు. చేరలేదు కాబట్టి యజమాని మాట మీదే నడిచింది. తాను బతికి ఉన్నన్నాళ్లు బండి నడుపుతానని సర్ హేడన్ చెప్పిన మాట నిలబెట్టుకున్నారు. 1950 జులై 2న ఆయన కన్నుమూశారు. ఆ ఏడాది వేసవి బండ్లు అక్టోబరు మొదటి వారంతో ముగిశాయి.

ఇటువంటి మార్గాన్ని చేపట్టే తెగువ రోల్ట్‌కు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే ఆయన అంతకుముందు చేసిన పనులు చూడాలి. 1910 ఫిబ్రవరి 11న చెస్టర్‌లో పుట్టిన రోల్ట్, స్టోక్ ఆన్ ట్రెంట్‌లోని కెర్ స్టువర్ట్ అనే ఇంజన్ల కంపెనీలో అప్రెంటిస్‌గా పని నేర్చుకున్నాడు. 1930లో కంపెనీ మూతపడి ఉద్యోగం పోయింది. తరువాత ఒక మోటారు గ్యారేజీ నడుపుతూ, పాత స్పోర్ట్స్ కార్ల అభిమానుల సంఘంలో చురుగ్గా పనిచేశాడు. పాత కారును అద్దాల వెనక పెట్టకుండా రోడ్డెక్కించి పోటీల్లో నడపాలనేది ఆ సంఘం పద్ధతి. యంత్రం నడిస్తేనే యంత్రమనే ఈ పట్టింపు రోల్ట్‌ను జీవితమంతా వదల్లేదు.

రెండో అనుభవం కాలువలది. 1939లో ఆయన క్రెసీ అనే సన్నపాటి పడవను ఇల్లుగా మార్చుకుని ఇంగ్లండు కాలువల వెంట ప్రయాణించాడు. ఆ ప్రయాణం మీద రాసిన పుస్తకం 1944లో వెలువడి బాగా పేరు తెచ్చింది. లారీలూ రైళ్లూ వచ్చాక పాడుపడుతున్న కాలువల కోసం 1946లో రాబర్ట్ ఐక్‌మన్‌తో కలిసి ఒక సంఘం పెట్టాడు. కొన్నేళ్లకే ఇద్దరికీ పొసగలేదు. ప్రతి కాలువనూ కాపాడాలని ఐక్‌మన్ వాదన. సరుకు పడవలు ఇంకా తిరుగుతున్న కాలువలనూ ఆ పడవలవాళ్ల బతుకునూ ముందు కాపాడాలని రోల్ట్ వాదన. 1951లో రోల్ట్‌ను సంఘం నుంచి తొలగించారు. ఆ తగవులో ఆయన పక్షాన న్యాయం ఉందనే చెప్పాలి. నీళ్లు నిలిచిన కాలువ అందంగా కనిపించవచ్చు, దాని మీద పని చేసే మనిషి లేకపోతే ఆ పనితనం ఒక తరంలో పోతుంది. టాలిల్లిన్ విషయంలో ఆయన ఎంచుకున్న దారికి మూలం ఇక్కడే ఉంది.

1949లో బర్మింగ్‌హామ్ పోస్ట్ పత్రికలో ఆయన లేఖ అచ్చయింది. టాలిల్లిన్ బతకాలంటే అభిమానులు ముందుకు రావాలన్న ఆ పిలుపుకు చాలామంది స్పందించారు. మరుసటి ఏడాది సమావేశానికి పునాది అదే. బాన్‌బరీకి చెందిన వ్యాపారి బిల్ ట్రిండర్ సంఘం అధ్యక్షుడయ్యాడు. సర్ హేడన్ భార్య తన వాటాలను టాలిల్లిన్ హోల్డింగ్స్ అనే కొత్త కంపెనీకి బదలాయించారు. ఆ కంపెనీ డైరెక్టర్లలో ఆమె తరఫువాళ్లూ సంఘం తరఫువాళ్లూ ఉన్నారు. ఈ మంచి పనిలో మరొకరి పేరు మరువరాదు. సర్ హేడన్ కాలంలో రైలు వ్యవహారాలన్నీ చూసిన మేనేజరు ఎడ్వర్డ్ థామస్. ఊరి మనిషి, మార్గం గుట్టుమట్లన్నీ తెలిసినవాడు. ఆయన మధ్యవర్తిత్వం లేకుంటే పట్నం నుంచి వచ్చిన అభిమానులకు టవిన్‌లో కాలు మోపే చోటు దొరకడం కష్టం.

1951 మే 14న సంఘం మొదటి బండి టవిన్ నుంచి రిడిరోనెన్ దాకా నడిచింది. జూన్ నుంచి మార్గం పొడుగునా రోజువారీ బండ్లు మొదలయ్యాయి. 1951, 1952 వేసవుల్లో జనరల్ మేనేజరు రోల్టే. పేరుకు మేనేజరు, పనికి అన్నీ. చాలాచోట్ల 1865లో వేసిన ఇనుప పట్టాలే ఉన్నాయి. స్లీపర్లు పుచ్చిపోయాయి. దట్టంగా అల్లుకున్న గడ్డి దుబ్బులే పట్టాలను కదలకుండా పట్టి ఉంచిన చోట్లు కొన్ని. శుభ్రం చేద్దామని గడ్డి పీకితే అసలుకే మోసం. వేసవి సెలవుల్లో వచ్చిన సభ్యులు, అంతకుముందు గునపం ముట్టనివాళ్లు చాలామంది, స్లీపర్లు మోసి, రాళ్లు నింపి గ్యాంగ్‌మెన్ పని నేర్చుకున్నారు.

అంతకంటే పెద్ద చిక్కు ఇంజన్లది. టాలిల్లిన్ ఇంజను అప్పటికే మూలపడి ఉంది. నడవగలిగేది 85 ఏళ్ల డోల్గోఖ్ ఒక్కటే, అది ఆగిన రోజు మార్గమంతా ఆగినట్టే. దగ్గరలోని కోరిస్ రైల్వే 1948లో మూతపడింది. దాని గేజి కూడా సరిగ్గా 2 అడుగుల 3 అంగుళాలు. అక్కడి రెండు ఇంజన్లు మాకన్లెత్ స్టేషన్లో నిరుపయోగంగా పడి ఉంటే, ఒక్కోటి 25 పౌన్లకు సంఘం కొన్నది. వాటి పాత అంకెలు 3, 4 అలాగే ఉంచి, మూడో దానికి సర్ హేడన్ అనీ నాలుగో దానికి ఎడ్వర్డ్ థామస్ అనీ పేర్లు పెట్టారు. నాలుగోది 1921లో కెర్ స్టువర్ట్ చేసినది, అంటే రోల్ట్ పని నేర్చుకున్న ఫ్యాక్టరీదే.

మూడో ఇంజనుతో వచ్చిన తంటా ఆ రోజుల పరిస్థితికి అద్దం పడుతుంది. టాలిల్లిన్ పట్టాలు ఏళ్ల తరబడి వాడకంలో పక్కలకు జరిగి, గేజి కొన్నిచోట్ల పెరిగిపోయింది. పాత ఇంజన్ల చక్రాల అంచులు వెడల్పు కాబట్టి ఆ ఎడాన్ని దాటేసేవి. కోరిస్ ఇంజను చక్రాలు సన్నవి. బండి కదలగానే చక్రం పట్టా దిగి మధ్యలో పడేది. ఇంజనులో దోషం లేదు, దోషమంతా మార్గానిదే. పట్టాలు సరిచేసేదాకా దాన్ని పక్కన పెట్టక తప్పలేదు. నాలుగో ఇంజనుకు మరో రకంగా అదృష్టం కలిసొచ్చింది. లీడ్స్‌లోని హన్స్‌లెట్ ఇంజన్ల కంపెనీ అధిపతి జాన్ ఆల్‌కాక్ సంఘ సభ్యుడు. ఆయన దాన్ని తమ ఫ్యాక్టరీకి తెప్పించి, పైసా తీసుకోకుండా మరమ్మతు చేయించి పంపారు. 1952లో అది పనిలోకి దిగాక డోల్గోఖ్‌కు విశ్రాంతి దొరికింది. టాలిల్లిన్ ఇంజను పూర్తి మరమ్మతు తరువాత 1958లో తిరిగి పట్టాలెక్కింది.

ఈ రెండు వేసవుల కథను రోల్ట్ 1953లో ఒక పుస్తకంగా రాశాడు. అదే ఏడాది, ఊరివాళ్లు కలిసి తమ రైలును నిలబెట్టుకునే కథతో ఈలింగ్ స్టూడియో తీసిన ‘ది టిట్‌ఫీల్డ్ థండర్‌బోల్ట్’ సినిమా వచ్చింది; దాని రచయిత క్లార్క్‌కు ప్రేరణ టాలిల్లినే. సంఘం తొలి సభ్యుల్లో ఒకరైన పాస్టర్ విల్బర్ట్ ఆడ్రీ 1952లో ఇక్కడ గార్డుగా పనిచేశాడు. థామస్ ఇంజను కథల రచయితగా ప్రపంచమంతా ఎరిగినవాడు. 1955లో వచ్చిన ఆయన బొమ్మల పుస్తకంలోని స్కార్లోయ్, రెనియస్ ఇంజన్లు టాలిల్లిన్, డోల్గోఖ్‌లకు ప్రతిరూపాలు.

దారి తెలిశాక ఇతరులకు ధైర్యం వచ్చింది. ఉత్తర వేల్స్‌లోనే ఫెస్టీనియాగ్ మార్గం 1955లో మళ్లీ తెరుచుకుంది. 1960లో లీడ్స్‌లోని మిడిల్టన్, ససెక్స్‌లోని బ్లూబెల్ మార్గాలు పెద్ద గేజి మీద కూడా ఈ పని సాధ్యమని చూపించాయి. 1968 ఆగస్టులో బ్రిటిష్ రైల్వే ప్రధాన మార్గాల నుంచి ఆవిరిని పూర్తిగా తప్పించేసరికి, ఇంజన్లను తుక్కుకు పోనివ్వకుండా కొని నడిపే సంఘాలు తయారుగా ఉన్నాయి. ఇవన్నీ రోల్ట్ సొంతంగా నడిపినవి కావు. అందరూ తీసుకున్నది ఆయన నమూనా: యాజమాన్యం చట్టబద్ధమైన కంపెనీది, డబ్బు సభ్యులది, భద్రతా నియమాలు మిగతా రైళ్లకు ఉన్నవే, రోజువారీ పనికి కొద్దిమంది జీతగాళ్లు, మిగిలిందంతా స్వచ్ఛంద శ్రమ. రైలు ప్రమాదాల చరిత్ర మీద 1955లో ఆయన రాసిన ‘రెడ్ ఫర్ డేంజర్’ చదివితే, సిగ్నలు, బ్రేకు విషయాల్లో ఆయనకు ఎంత పట్టుదలో తెలుస్తుంది. ఆయన దృష్టిలో టాలిల్లిన్ రైలు ఆటవస్తువు కాదు.

1952 తరువాత రోల్ట్ రోజువారీ పని వదిలి రచన మీద దృష్టి పెట్టాడు. ఇంజనీర్లు బ్రూనెల్, టెల్ఫర్డ్, స్టీఫెన్సన్ తండ్రీకొడుకుల జీవిత చరిత్రలు ఈ కాలంలోవే. పారిశ్రామిక పురావస్తు పరిశోధన కోసం 1973లో ఏర్పడిన సంఘానికి ఆయనే తొలి అధ్యక్షుడు. 1974 మే 9న గ్లాస్టర్‌షైర్‌లోని తన ఇంట్లో మరణించాడు. రెండేళ్ల తరువాత, 1976 మే 22న, టాలిల్లిన్ ప్రయాణికుల మార్గాన్ని గని దిశగా నాంట్ గ్వెర్నోల్ దాకా పొడిగించారు. ఐర్లండు పీట్ బొగ్గు సంస్థ వాడి వదిలేసిన ఒక ఇంజను భాగాలతో టాలిల్లిన్ పెండ్రె షెడ్డులో కొత్త ఇంజను తయారైంది. 1991లో పనిలోకి వచ్చిన ఆ ఏడో నంబరు ఇంజనుకు టామ్ రోల్ట్ అని ఆయన భార్య సోనియా నామకరణం చేశారు. 2021లో వాయవ్య వేల్స్ పలకరాయి ప్రాంతాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు, బ్రిన్ ఎగ్లూయిస్ గనితో పాటు ఈ రైలు మార్గం కూడా అందులో భాగమైంది.