ఇంగ్లండు గ్రామీణ కాలిబాటలు

ఇంగ్లండు, వేల్సులలో పొలాల మధ్య నుంచి, గొర్రెల బీళ్ల మీదుగా, పాత ఊళ్ల గుండా సాగుతూ ఎవరైనా నడవడానికి చట్టబద్ధమైన హక్కున్న దారులివి. గుర్రాల మీద వెళ్లే బాటలను కూడా కలుపుకుంటే వీటి పొడవు దాదాపు 2,25,000 కిలోమీటర్లు. నేల ఒక రైతుదో ఎస్టేటుదో అయినా దాని మీదుగా నడిచిపోయే హక్కు అందరిదీ. ఈ బాటల చరిత్రను ప్రకృతి ప్రేమ కథగా చెప్పడం పరిపాటి. కవులు కొండలను కీర్తించారని, పట్టణ జనం వాటిని చూడడానికి బయల్దేరారని, ప్రభుత్వాలు దారులు వేశాయని ఆ కథ సాగుతుంది. ఆధారాలు పరిశీలిస్తే విషయం వేరుగా కనిపిస్తుంది. ఈ బాటల్లో అత్యధిక భాగాన్ని వేసింది పనికి, సంతకు, చర్చికి, శ్మశానానికి నడిచిన పల్లె జనం. ఆ అవసరాలు తీరిపోయాక కూడా అవి మిగిలాయంటే అందుకు కారణం వాటి అందం కాదు. నడిచిన హక్కును కొందరు పట్టుబట్టి కోర్టుల్లో నిలబెట్టారు, కాగితం మీదకు ఎక్కించారు.

మొదట బాటల పుట్టుక. దక్షిణ ఇంగ్లండులో సుద్దకొండల శిఖరాల వెంట సాగే రిడ్జ్‌వే దేశంలోకెల్లా పాత దారి అని, దాని మీద 5,000 ఏళ్లుగా మనుషుల నడక ఉందని చెబుతారు. అయితే అలాంటి ప్రాచీన మార్గాలు చాలా కొద్ది. ఊరి చుట్టూ సాలెగూడులా అల్లుకున్న చిన్న బాటలే అసలు సంపద. ఒక పల్లె నుంచి పిండిమరకు, మర నుంచి పక్క ఊరి సంతకు, విడిగా ఉన్న రైతు ఇంటి నుంచి చర్చికి అడ్డదారులు పడ్డాయి. ఉప్పు మోసే గుర్రాల బాటలు, వేల్సు నుంచి లండను సంతలకు పశువుల మందలను తోలుకెళ్లిన వెడల్పాటి దారులు వాటికి తోడయ్యాయి. శవాల బాటలు మరీ ప్రత్యేకం. మధ్యయుగాల్లో ప్రతి ఊరి చర్చికీ ఖననం చేసే అధికారం ఉండేది కాదు. మూలచర్చికి చెందిన శ్మశానానికే మోసుకుపోవాలి. సరోవరాల ప్రాంతంలో మార్డేల్ నుంచి షాప్ వరకు కొండ దాటి శవాన్ని గుర్రానికి కట్టి తీసుకెళ్లేవారు. రైడల్, గ్రాస్‌మియర్ ఊళ్ల మధ్య నేడు యాత్రికులు ముచ్చటపడి నడిచే దారి కూడా అలాంటిదే. శవాన్ని మోసినవాళ్లు అలసి పెట్టె దించుకోవడానికి ఉపయోగించిన రాళ్లను దాని పక్కన ఇప్పటికీ చూపిస్తారు.

ఇంగ్లీషు సామాన్య న్యాయం ఈ నడకకు ఒక బలమైన రూపం ఇచ్చింది. ప్రజలు ఒక దారిని ఎవరి అనుమతీ అడగకుండా, దాచుకోకుండా, అడ్డు లేకుండా చాలాకాలం వాడితే, యజమాని దాన్ని ప్రజలకు అంకితం చేసినట్టే భావిస్తారు. ఒకసారి ప్రజల దారి అయినది, చట్టప్రకారం మూస్తే తప్ప, ఎప్పటికీ ప్రజల దారే. వందేళ్లు ఎవరూ నడవకపోయినా ఆ హక్కు పోదు. అయితే ఆ హక్కుకు హద్దు ఉంది. 1893లో ఒక బాటసారికీ రట్లండ్ డ్యూక్‌కూ మధ్య నడిచిన కేసులో, బాట మీద వెళ్లడానికి, తిరిగి రావడానికి మాత్రమే హక్కు ఉందని, అక్కడ నిలబడి యజమాని వేటను చెడగొట్టే హక్కు లేదని తీర్పు వచ్చింది. తెలుగునాట పుంతలు, డొంకలతో పోల్చితే తేడా తెలుస్తుంది. మన గ్రామపటాల్లో పుంత సాధారణంగా పోరంబోకు, అంటే నేలే ప్రభుత్వానిది. ఇంగ్లండులో నేల యజమానిదే, దాని మీద పరచుకున్న హక్కు ఒక్కటే జనానిది. వ్యక్తికి పరాయి నేల మీదుగా దారి హక్కు 20 ఏళ్ల నిరాటంక వాడుకతో సిద్ధిస్తుందన్న ఇంగ్లీషు న్యాయసూత్రం మాత్రం 1882 భారతీయ ఈజ్‌మెంట్స్ చట్టం ద్వారా ఇక్కడికీ వచ్చింది. మొదట అది అమలైన ప్రాంతాల్లో మద్రాసు ప్రెసిడెన్సీ ఒకటి కనుక కోస్తా, రాయలసీమ జిల్లాలకు అది 19వ శతాబ్దపు వారసత్వమే.

బాటలకు మొదటి పెద్ద గండం ఉమ్మడి భూములకు కంచెలు వేయడంతో వచ్చింది. 1604 నుంచి 1914 వరకు పార్లమెంటు 5,200కు పైగా ఎన్‌క్లోజర్ చట్టాలు చేసింది. వాటి కింద దాదాపు 68 లక్షల ఎకరాలు, అంటే ఇంగ్లండు నేలలో అయిదో వంతుకు మించి, ఉమ్మడి వాడుక నుంచి సొంత కమతాల్లోకి మారాయి. ఆ పంపకాల్లో ఎన్నో బాటలు రద్దయ్యాయి, కొన్ని గీత గీసినట్టు తిన్నగా మళ్లీ వెలిశాయి. ఈ పంపకపు దస్తావేజులే తర్వాతి తరాలకు బాట ఉందని నిరూపించే సాక్ష్యమయ్యాయి. కాజేసిన పనికే లెక్క రాసి ఉంచుకోవలసి రావడం పేదవాడికి తర్వాత మేలు చేసింది. 1815 నాటి చట్టం ఇంకా కఠినమైనది. అనవసరమని తోచిన కాలిబాటను ఇద్దరు మేజిస్ట్రేట్లు మూయించవచ్చు. మేజిస్ట్రేట్లు ఎక్కువగా భూస్వాములే. తమ పార్కు గుండా పోయే బాటను మూయించుకోవడానికి స్నేహితుడి సంతకం సంపాదించుకుంటే సరిపోయేది.

ఈ అన్యాయానికి ఎదురుతిరిగింది ఎవరన్నదే ఈ చరిత్రలో కీలకమైన ప్రశ్న. 1824లో యార్క్ పరిసరాల్లోనూ, 1826లో మాంచెస్టరులోనూ పురాతన కాలిబాటల రక్షణ సంఘాలు ఏర్పడ్డాయి. మాంచెస్టరు సంఘం పుట్టుకకు కారణం నగరం పక్కనున్న ఫ్లిక్స్‌టన్‌లో ఒక ఎస్టేటు మీదుగా పోయే బాటను మూయడం. అది మహత్తరమైన కొండ దృశ్యమేమీ కాదు, పొలాల మధ్య మామూలు దారి. చందాలు పోగుచేసి, లాయర్లను పెట్టి, సాక్షులను వెతికి వారు దాని కోసం పోరాడారు. 1835 రహదారుల చట్టం తర్వాత బాట మూయడం అంత తేలిక కాలేదు. 1876లో హేఫీల్డ్‌లో, కిండర్ స్కౌట్ కొండ బాటల కోసం మరో సంఘం వచ్చింది. దాని వారసత్వంగా 1894లో ఏర్పడిన పీక్, ఉత్తర జిల్లాల కాలిబాటల సంఘం బేరసారాలు సాగించి, 1897లో హేఫీల్డ్ నుంచి విలియం క్లఫ్ లోయ మీదుగా స్నేక్ బాటను తెరిపించింది. ఆ సంఘం ఈనాటికీ పనిచేస్తోంది. 1896లో బోల్టన్ పట్టణ జనం, పదివేల మంది దాకా, వింటర్ హిల్ మీద మూసిన బాట గుండా ఊరేగింపుగా నడిచారు. కోర్టులో గెలిచింది మాత్రం భూస్వామే. జనబలం సాక్ష్యబలానికి బదులు కాలేదన్న సంగతి ఆ ఓటమి గట్టిగానే చెప్పింది.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయి. ఒకటి, వర్డ్స్‌వర్త్ వంటి కవులు, సరోవరాల ప్రాంతానికి ఆయన రాసిన మార్గదర్శిక, 1879లో లెస్లీ స్టీఫెన్ కూడగట్టిన ఆదివారపు పాదచారుల బృందం లేకపోతే నడకకు గౌరవం ఎక్కడిదని. ఆ గౌరవం నిజమే. చదువుకున్నవారిని అది బాటల పక్షాన నిలబెట్టింది, పార్లమెంటులో మాట్లాడేవారిని సంపాదించింది. కానీ యార్క్, ఫ్లిక్స్‌టన్ బాటలు ఏ కవితలోనూ లేవు. అందం ఉన్నచోట మాత్రమే రక్షణ దొరికి ఉంటే నేడు కొన్ని కొండదారులు మిగిలేవి తప్ప, ప్రతి పల్లె వెనుక కంచెకు కట్టిన ఎక్కుడు మెట్లు మిగిలేవి కావు. రెండో అభ్యంతరం ఇంతకంటే బలమైనది. 1932 ఏప్రిల్ 24న బెన్నీ రాత్‌మన్ నాయకత్వంలో సుమారు 400 మంది యువ కార్మికులు కిండర్ స్కౌట్ మీద డెవన్‌షైర్ డ్యూక్ వేటభూమిలోకి చొచ్చుకుపోయారు. అయిదుగురికి జైలుశిక్ష పడింది. ఆ శిక్షల కాఠిన్యం దేశమంతా సానుభూతి రేపింది. మార్పు తెచ్చింది ఈ తిరుగుబాటే కదా, కాగితాలు కాదు కదా అని అడగవచ్చు. ఆ యువకుల త్యాగాన్ని తగ్గించి చెప్పడం తప్పు. కానీ వారు కొండెక్కింది విలియం క్లఫ్ గుండా, అంటే 1897లో సంఘం సంపాదించిన దారినే. అక్కడి నుంచి పక్కకు తొలగి బీడు మీదకు ఎక్కారు. వారు అడిగింది బాట హక్కు కాదు, బాట వదిలి బయలంతా తిరిగే హక్కు. అది 2000 సంవత్సరపు చట్టంతో గాని రాలేదు. అప్పుడు ఇంగ్లండులో దాదాపు 8,65,000 హెక్టార్ల కొండలు, బీళ్లు, ఉమ్మడి నేలలు నడకకు తెరుచుకున్నాయి. అదే 1932లో, పాత సంఘాలు ఏళ్ల తరబడి కోరిన మరో చట్టం చడీచప్పుడు లేకుండా వచ్చింది. 20 ఏళ్ల వాడుక రుజువైతే బాట ప్రజలదేనని అది స్పష్టం చేసింది. పల్లెల గుండా సాగే నడకదారులకు ఆధారం చట్టం కోసం సాగిన ఈ రెండో ధారే.

రెండు ధారలనూ కలిపినది 1949 జాతీయ పార్కుల చట్టం. ఇది ప్రతి కౌంటీ మండలీ తన బాటలన్నిటినీ సర్వే చేసి ఒక అధికారిక పటం తయారుచేయాలని ఆదేశించింది. పారిష్ స్థాయిలో స్థానికులు నడిచి, అడిగి, రాసి పంపారు. పటంలో చూపిన బాట తిరుగులేని సాక్ష్యం. ఇదే చట్టం దూరప్రయాణ బాటలకూ వీలు కల్పించింది. టామ్ స్టీఫెన్‌సన్ 1935లో డెయిలీ హెరాల్డ్ పత్రికలో ఉత్తర కొండల వెన్నెముక వెంట ఒక పొడవాటి పచ్చని బాట కావాలని రాశారు. ఆ కోరిక తీరడానికి 30 ఏళ్లు పట్టింది. ఈడేల్ నుంచి స్కాట్లండులోని కర్క్ యెథోమ్ వరకు 431 కిలోమీటర్ల పెన్నైన్ వే 1965 ఏప్రిల్ 24న తెరుచుకుంది. దానికి భిన్నంగా, 1973లో ఆల్‌ఫ్రెడ్ వెయిన్‌రైట్ పశ్చిమ తీరం నుంచి తూర్పు తీరానికి సుమారు 300 కిలోమీటర్ల దారిని ఒక పుస్తకంలో గీసి చూపారు. ఆయన కొత్త బాట వేయలేదు. పటంలో అప్పటికే ఉన్న ముక్కలను జోడించారు. నమోదైన హక్కుల వల అంత దట్టంగా ఉండబట్టే ఒక మనిషి సముద్రం నుంచి సముద్రానికి దారి తీయగలిగాడు.

పాత ఊళ్లతో ఈ బాటల బంధం కాట్స్‌వోల్డ్ వేలో స్పష్టంగా తెలుస్తుంది. చిపింగ్ క్యాంప్డెన్ నుంచి బాత్ నగరం దాకా 164 కిలోమీటర్లు సాగే ఈ దారిని గ్లౌస్టర్‌షైర్ కౌంటీ 1970లో ప్రారంభించింది. 2007లో ఇది జాతీయ బాట అయింది. స్టాంటన్, వించ్‌కూమ్, పెయిన్స్‌విక్ వంటి ఊళ్లలో తేనెరంగు సున్నపురాతి ఇళ్లు, ఊరి స్థాయికి మించిన చర్చిలు కనిపిస్తాయి. అవి మధ్యయుగపు ఉన్ని వ్యాపారం సంపాదించి పెట్టినవి. తర్వాత నేత పని యార్క్‌షైర్ మిల్లులకు తరలింది. కూల్చి కొత్తగా కట్టుకునే స్తోమత ఈ ఊళ్లకు లేకపోయింది, పేదరికం వాటిని అలాగే ఉంచింది. దారిలో తగిలే హేల్స్ మఠం 1539లో మూతపడేదాకా యాత్రికులతో కిటకిటలాడిన క్షేత్రం. ఇప్పటి దారి అలాంటి పాత నడకల ముక్కల మీదుగానే పోతుంది. రోడ్డు ఊరి ముఖం చూపిస్తే కాలిబాట శ్మశానం గోడ పక్క నుంచి, పశువుల కొట్టం వెనుక నుంచి లోపలికి తెస్తుంది, ఊరు ఎలా బతికిందో చూపిస్తుంది.

ఈ ఊళ్లలో ఇళ్లు ధనికుల సెలవు విడుదులైపోయాయని, నడక యాత్రలు పల్లెను ప్రదర్శనశాలగా మార్చాయని ఒక విమర్శ ఉంది. స్థానిక యువత ఇల్లు కొనలేని స్థితి నిజం, బాధాకరం. కానీ ఇళ్ల ధర పెంచింది మోటారు కారు, నగరపు జీతాలు. బాట ద్వారా వచ్చేవాడు ఇల్లు కొనడు, పూటకూటింట ఒక రాత్రి ఉండి తిని పోతాడు. 2001లో గాలికుంటు వ్యాధి వచ్చి 60 లక్షలకు పైగా పశువులను చంపవలసి వచ్చినప్పుడు కాలిబాటలు దాదాపు అన్నీ మూసేశారు. ఆ ఏడు గ్రామీణ పర్యాటకానికి కలిగిన నష్టం వ్యవసాయ నష్టాన్ని మించింది. పల్లె జీవికలో బాటల వాటా ఎంతో అప్పుడు లెక్కకు వచ్చింది. రైతుల మొర కూడా తోసిపుచ్చదగినది కాదు. దున్నిన పొలం మధ్య బాట ఉంటే పని చెడుతుంది, వదిలేసిన గేటు నుంచి గొర్రెలు పోతాయి, కుక్కలు వాటిని తరుముతాయి. చట్టం ఇద్దరినీ చూడడానికి ప్రయత్నించింది. పొలం మధ్య బాటను దున్నుకోవచ్చు, కానీ 14 రోజుల్లో కనీసం మీటరు వెడల్పున మళ్లీ నడిచేలా చేయాలి. పాడిజాతి ఆబోతు పది నెలలు దాటితే బాట ఉన్న పొలంలో వదలకూడదు.

మరో దేశం మరో దారి చూపింది. జపానులో ఎడో నుంచి క్యోటోకు 69 మజిలీలతో సాగిన నకసెండో రహదారి రైలు వచ్చాక పాడుబడింది. ఆ దారిలోని ట్సుమాగో ఊరివాళ్లు 1971లో ఇళ్లను అమ్మం, అద్దెకివ్వం, కూల్చం అని ఒప్పుకుని తమ ఊరిని కాపాడుకున్నారు. మాగోమె నుంచి ట్సుమాగోకు సుమారు 8 కిలోమీటర్ల కొండదారి నేడు లోకప్రసిద్ధం. నడక హక్కు చట్టం లేకుండానే అది సాధ్యమైంది కదా అంటే, సాధ్యమే. అయితే అలా దక్కింది ఎంచుకున్న కొన్ని ముక్కలే, మిగతా చాలా భాగం వాహనాల రోడ్డు కింద కలిసిపోయింది. ఊరి ఒప్పందం అపురూపమైన ఊరిని కాపాడగలదు. ఎవరూ అపురూపమని అనుకోని ఊరి బాటకు పటంలో గీత కావాలి.

ఆ గీత అన్ని చోట్లా లేదు. 1949 తర్వాతి సర్వేల్లో ఎన్నో బాటలు జారిపోయాయి. నడక హక్కుల కోసం పనిచేసే ర్యాంబ్లర్స్ సంస్థ 2020లో వాలంటీర్ల చేత పాత పటాలను నేటి పటాలతో పోల్పించి, ఇంగ్లండు, వేల్సులలో దాదాపు 79,000 కిలోమీటర్ల బాటలు నమోదు కాకుండా ఉండవచ్చని తేల్చింది. 2000 చట్టం వాటి దరఖాస్తులకు 2026 గడువు పెట్టింది. తర్వాత ఇంగ్లండులో దాన్ని 2031కి జరిపారు, 2024 డిసెంబరులో ప్రభుత్వం గడువునే ఎత్తేస్తామని ప్రకటించింది. ఇప్పుడు వాలంటీర్లు వెతుకుతున్నవాటిలో ఎన్‌క్లోజర్ దస్తావేజులు, 1836 చట్టం తర్వాత గీసిన చర్చి పన్ను పటాలు, 1910 భూవిలువల సర్వే పుస్తకాలు ముఖ్యం. ఆ చివరి పుస్తకాల్లో భూస్వాములు తమ పొలం మీదుగా ప్రజల బాట పోతోందని తామే రాయించుకున్నారు. బాట ఉన్న నేలకు పన్ను రాయితీ ఉండేది మరి.