ప్రాంతీయ బ్లెండెడ్ మాల్ట్ స్కాచ్ విస్కీలు: తులనాత్మక పరిశీలన

రెండు లేదా అంతకన్నా ఎక్కువ డిస్టిలరీల సింగిల్ మాల్ట్‌లను మాత్రమే కలిపి, గ్రెయిన్ విస్కీ బొత్తిగా చేర్చకుండా తయారుచేసే స్కాచ్‌ను బ్లెండెడ్ మాల్ట్ అంటారు. కలిపిన మాల్ట్‌లన్నీ స్కాట్లాండ్‌లోని ఒకే ప్రాంతంలో తయారైనవైతే అది ప్రాంతీయ బ్లెండెడ్ మాల్ట్. ఐలా, స్పేసైడ్, హైలాండ్, లోలాండ్, క్యాంబెల్‌టౌన్ బ్లెండ్‌లను పక్కపక్కన పెట్టి రుచి చూసి, ఏ ప్రాంతపు స్వభావం ఏమిటో తేల్చుకోవడం విస్కీ అభిరుచి గలవారిలో బాగా పాతుకుపోయిన అలవాటు. ఈ పోలికలో తెలిసే విషయాలు చాలానే ఉన్నాయి. అయితే అందులో ముందుగా బయటపడేది బ్లెండర్ నిర్ణయం. నేల ప్రభావం దాని తర్వాతే వస్తుంది. చరిత్ర, చట్టం, తయారీ విధానం మూడూ ఈ మాటనే బలపరుస్తున్నాయి.

చట్టం, చరిత్ర

మాల్ట్‌లను కలపడం కొత్త పని కాదు. ఎడిన్‌బరో వ్యాపారి ఆండ్రూ అషర్ 1853లోనే ఓల్డ్ వాటెడ్ గ్లెన్‌లివెట్ పేరుతో ఇలాంటి విస్కీని అమ్మాడు. ఇటువంటి సరుకు చాలాకాలం వాటెడ్ మాల్ట్, ప్యూర్ మాల్ట్ అనే పేర్లతో చెలామణీ అయింది. 2003లో కార్డూ సింగిల్ మాల్ట్‌ను అదే పేరుతో, దాదాపు అదే సీసాలో ప్యూర్ మాల్ట్‌గా మార్చినప్పుడు పరిశ్రమలో పెద్ద దుమారం రేగింది. 2009 నాటి స్కాచ్ విస్కీ నిబంధనలు ఆ గందరగోళానికి తెర దించి, స్కాచ్‌ను ఐదు రకాలుగా విభజించాయి. వాటిలో బ్లెండెడ్ మాల్ట్ ఒకటి. ఏ రకమైనా స్కాట్లాండ్‌లోనే 700 లీటర్లకు మించని ఓక్ పీపాల్లో కనీసం మూడేళ్లు నిలవుండాలి. సీసాలో ఆల్కహాల్ 40 శాతానికి తగ్గకూడదు. ప్రాంతం పేరు వేసుకోవాలంటే అందులోని మాల్ట్ అంతా ఆ ప్రాంతంలోనే స్వేదనం జరిగి ఉండాలి. పీపాల్లో ముదరడం మాత్రం స్కాట్లాండ్‌లో ఎక్కడైనా జరగవచ్చు. ఐలా దీవిలోని కల్ ఈలా స్పిరిట్‌లో అధిక భాగం ముదిరేది ప్రధాన భూభాగంలోని గిడ్డంగుల్లోనే.

ప్రాంతాల సరిహద్దులకూ రుచికీ మొదట్లో సంబంధం లేదు. హైలాండ్, లోలాండ్ మధ్య గీత పన్ను వసూలు కోసం పుట్టింది. 1784 నాటి చట్టం ఆ గీతకు ఉత్తరాన ఒక తీరుగా, దక్షిణాన మరో తీరుగా సుంకం విధించింది. ఆ గీత ఎంత కాగితం మీదిదో చూడాలంటే గ్లెన్‌గోయిన్ చాలు. అక్కడ రాగి బట్టీలు రోడ్డుకు ఒకవైపు హైలాండ్‌లో ఉంటే, గిడ్డంగులు రోడ్డుకు అవతల లోలాండ్‌లో ఉన్నాయి. స్పిరిట్ హైలాండ్‌లో పుట్టి, రోడ్డు దాటి లోలాండ్‌లో ముదిరి, చట్టప్రకారం హైలాండ్ విస్కీ అనిపించుకుంటుంది. ప్రాంతాన్ని రుచికి గుర్తుగా ప్రజల్లో స్థిరపరచిన ఘటన ఇటీవలిదే. 1988లో యునైటెడ్ డిస్టిలర్స్ సంస్థ ఆరు ప్రాంతాలకు ఆరు మాల్ట్‌లను ఎంచి, క్లాసిక్ మాల్ట్స్ పేరుతో వరుసగా మార్కెట్లో పెట్టింది.

పోల్చదగిన విస్కీలు

పోలికకు అనువైన వరుస గ్లాస్గోకు చెందిన డగ్లస్ లేంగ్ సంస్థది. 2009లో ఐలాకు బిగ్ పీట్‌తో మొదలై స్పేసైడ్‌కు స్కాలీవ్యాగ్, హైలాండ్‌కు టిమరస్ బీస్టీ, దీవులకు రాక్ ఐలాండ్, లోలాండ్‌కు ది ఎపిక్యూరియన్, క్యాంబెల్‌టౌన్‌కు ది గాల్డ్రన్స్‌గా అది విస్తరించింది. ఆల్కహాల్ 46, 46.8 శాతాల మధ్య ఉండటం వల్ల పోలికకు కుదురుగా ఉంటుంది. హంటర్ లేంగ్ సంస్థ కూడా ఐలా జర్నీ, హైలాండ్ జర్నీ, క్యాంబెల్‌టౌన్ జర్నీ పేర్లతో ప్రాంతీయ బ్లెండ్‌లు తెచ్చింది. వీమ్స్ సంస్థ ప్రాంతం జోలికి పోకుండా స్పైస్ కింగ్, పీట్ చిమ్నీ, ది హైవ్ అంటూ రుచిని బట్టే పేర్లు పెట్టింది. కంపాస్ బాక్స్ వారి పీట్ మాన్‌స్టర్ ప్రాంతాల గీతలు దాటి, పీట్ మట్టి పొగతో బార్లీని ఆరబెట్టడం వల్ల పొగ రుచి పట్టిన మాల్ట్‌లను ఒకచోట చేర్చింది.

బ్లెండర్ ఎంపిక ఎక్కడ పనిచేస్తుందో ఈ సీసాల్లోనే కనిపిస్తుంది. బిగ్ పీట్‌లో ఆర్డ్‌బెగ్, కల్ ఈలా, బౌమోర్, పోర్ట్ ఎలెన్ ఉన్నాయని తయారీదారులు చెబుతారు. పేరుకు తగ్గట్టే ఇందులో పొగే ప్రధానం. అదే దీవిలో పొగ లేని మాల్ట్‌కు పేరుపడ్డ బునహావెన్, బ్రూక్‌లాడీ కూడా ఉన్నాయి. ఆ రెంటినీ ముందుకు తెచ్చి బ్లెండ్ చేసినా చట్టం దాన్నీ ఐలా అనే అంటుంది. స్కాలీవ్యాగ్‌లో మోర్ట్‌లాక్, మెకాలన్, గ్లెన్‌రోథెస్‌లను తీసుకుని షెర్రీ పీపాలకు పెద్దపీట వేశారు. ఎండుద్రాక్ష, మసాలా వాసనలు అక్కడినుంచి వస్తాయి. బర్బన్ పీపాల్లో ముదిరిన స్పేసైడ్ మాల్ట్‌లతో చేసి ఉంటే తేనె, యాపిల్ ముందుకు వచ్చేవి. రాక్ ఐలాండ్ సంగతి ఇంకా స్పష్టం. చట్టం గుర్తించిన ఐదు ప్రాంతాల్లో దీవులు లేవు. ఐలాకు విడి గుర్తింపు ఉంది, మిగతా దీవులు హైలాండ్ కిందికే వస్తాయి. అంటే దీవులనే ఆ విభజనే బ్లెండర్ ఎంపిక.

క్యాంబెల్‌టౌన్ ఈ వాదానికి గట్టి సాక్ష్యం. 19వ శతాబ్దంలో ఇరవైకి పైగా డిస్టిలరీలతో కళకళలాడిన ఆ ఊరు తర్వాతి శతాబ్దంలో దెబ్బతింది. దాని పేరు నిలబెట్టినవి స్ప్రింగ్‌బ్యాంక్, గ్లెన్ స్కోషియా, 2004లో మళ్లీ మొదలైన గ్లెన్‌గైల్. వీటిలో స్ప్రింగ్‌బ్యాంక్ ఒకే కప్పు కింద మూడు రకాల స్పిరిట్ తీస్తుంది: పొగ లేకుండా మూడుసార్లు స్వేదనం చేసే హేజల్‌బర్న్, కొద్దిపాటి పొగతో రెండున్నర సార్లు చేసే స్ప్రింగ్‌బ్యాంక్, దట్టమైన పొగతో రెండుసార్లు చేసే లాంగ్‌రో. నీరు ఒకటే, గాలి ఒకటే, పనివాళ్లు కూడా వాళ్లే. రుచులు మాత్రం మూడు. బార్లీకి పొగ ఎంత పట్టించారు, ఎన్నిసార్లు స్వేదనం చేశారు అన్నవే అక్కడ తేడా తెచ్చాయి.

అభ్యంతరాలు

కళ్లకు గంతలు కట్టి ఇచ్చినా ఐలాను గుర్తుపట్టవచ్చు కదా అన్నది బలమైన అభ్యంతరమే. చెట్లు తక్కువగా ఉండే ఆ దీవిలో ఒకప్పుడు పీట్ మట్టే వంటచెరకు, అదే బార్లీని ఆరబెట్టే ఇంధనం. కాబట్టి పొగ రుచికి భౌగోళిక మూలం ఉంది, దాన్ని కాదనకూడదు. పీట్ తవ్విన నేలను బట్టి పొగ తీరు మారుతుందన్నదీ నిజమే. కానీ ఈనాడు పొగ పట్టిన మాల్ట్ చాలావరకు కొనుగోలు సరుకు. అత్యంత దట్టమైన పొగకు పేరుపడ్డ ఆక్టోమోర్ ఐలాలోని బ్రూక్‌లాడీలోనే తయారవుతున్నా, దాని బార్లీకి పొగ పట్టించేది ప్రధాన భూభాగంలోని ఇన్వర్‌నెస్‌లో. హైలాండ్ డిస్టిలరీ ఆర్డ్‌మోర్ తరతరాలుగా పొగ మాల్ట్ చేస్తూనే ఉంది. అంటే గంతలు కట్టుకున్నవారు గుర్తుపట్టేది పీట్‌ను. అది ఐలాదై ఉండే అవకాశం ఎక్కువ, అంతే.

కలిపితే సొంత గుణం పోతుంది గనుక పోలికకు సింగిల్ మాల్టే ప్రమాణం అనేవారూ ఉన్నారు. సింగిల్ మాల్ట్ కూడా సాధారణంగా ఒకే డిస్టిలరీకి చెందిన ఎన్నో పీపాల కలయికే. పైగా ఒక్క డిస్టిలరీ మొత్తం ప్రాంతం తరఫున మాట్లాడలేదు. లోలాండ్‌లో ఆఖెన్‌టోషన్ మూడుసార్లు, గ్లెన్‌కించీ రెండుసార్లు స్వేదనం చేస్తాయి. అలాంటప్పుడు పలు డిస్టిలరీల సగటు స్వభావాన్ని పట్టిచూపే ప్రయత్నం ప్రాంతీయ బ్లెండ్‌లోనే కుదురుతుంది. ఆ సగటును ఎవరు, ఏ పాళ్లలో తీశారన్న ప్రశ్న మాత్రం మిగులుతుంది. ఆ పాళ్లను సంస్థలు సాధారణంగా బయటపెట్టవు.

పోల్చే పద్ధతి

అందువల్ల ఐదు ప్రాంతాల నుంచి ఒక్కో సీసా తెచ్చి పోల్చి, ప్రాంతాల గురించి తీర్పు చెప్పడం తొందరపాటు. ఒకే ప్రాంతానికి చెందిన రెండు సంస్థల బ్లెండ్‌లు, ఉదాహరణకు బిగ్ పీట్, ఐలా జర్నీ, పక్కపక్కన ఉండాలి. వాటి మధ్య దూరం ప్రాంతాల మధ్య దూరంతో సమానంగా తోస్తే, ఆ తేడా ప్రాంతం తెచ్చింది కాదని అర్థం. వాటి సరసన పీట్ మాన్‌స్టర్ లాంటి, ప్రాంతం పాటించని బ్లెండ్ ఒకటి పేరు కనపడకుండా ఉంచాలి. అన్నీ ఒకే తరహా గ్లాసుల్లో కొద్దికొద్దిగా పోసి, నీళ్లతో ఆల్కహాల్ శాతాన్ని సమం చేయాలి. పొగ లేనివి ముందు, పొగ దట్టమైనవి చివర రావాలి. పొగ ఒకసారి నాలుకను పట్టేశాక లోలాండ్ సున్నితత్వం దొరకదు.

ప్రాంతీయ బ్లెండెడ్ మాల్ట్‌ను ఆ ప్రాంతంపై ఒక నిపుణుడి వ్యాఖ్యానంగా చూసినప్పుడే దానికి న్యాయం జరుగుతుంది. సీసా కొనేవారు ప్రాంతం పేరుతో పాటు ఏ డిస్టిలరీలు, ఏ పీపాలు, పొగ ఎంత, ఆల్కహాల్ శాతం ఎంత అన్నవి తప్పకుండా అడిగి తెలుసుకోవాలి. రుచిని నిర్ణయించేవి ప్రధానంగా ఆ నాలుగే.