హాలీ సిక్కా, కలదారు, కూటికుండ



సికిందరాబాదు స్టేషను దాటి తూర్పుగా పోయినచో మెట్టుగూడ, దానికావల తార్నాక, ఆపై ఉస్మానియా విశ్వవిద్యాలయము. నేఁ డా త్రోవను నడచువాఁడు ఒకే రూపాయితో ఎచ్చటనైనను బియ్యము కొనఁగలఁడు. నూఱేండ్ల క్రిందట అట్లు గాదు. ఆ ప్రాంతమున రెండు రూపాయలు నడచుచుండెను. నిజాము ప్రభుత్వమువారిది హాలీ సిక్కా, ఆంగ్లేయులది కలదారు. 1798 నాఁటి సంధి మొదలు ఆంగ్లసేన ఇచ్చట స్థిరముగా నిలిచియుండుటచే దండు బజారులలో కలదారునకే పలుకుబడి. హాలీ యనఁగా ప్రస్తుతము చెల్లునది. కలదారనఁగా యంత్రమున ముద్రించినది. తరువాత చార్మినారు బొమ్మతో హాలీయు యంత్రముననే ముద్రితమైనది కాని పేరుమాత్రము మారలేదు.

మారకపు నిర్ణయ మిట్టిది: నూఱు కలదారు రూపాయలకు హాలీలో 116 రూపాయల 10 అణాల 8 పైసలు. అణాకు పండ్రెండు పైసలు గదా! తేలికగాఁ జెప్పినచో ఆఱింటి కేడు.

ఈ లెక్క ఖజానాలోనివారికి సులభమే. గృహిణికి మాత్రము కాదు. ఒక కుటుంబమునకు నెలకు పదునాలుగు హాలీ రూపాయల రాబడి యనుకొందము. దండు బజారునకు పోఁగానే అవి పండ్రెండగును. నాణెము మార్చు షరాబునకు వట్టము వేఱుగా నీయవలెను. పోనీ, చిల్లరబేరము చూతము. కలదారు అణా హాలీలో అణా రెండు పైసలు. అరణా, కానీల లెక్కకు దిగినకొలఁది భిన్నములు మిగులును. ఆ భిన్నములు ఎవరి సంచిలో పడునో వర్తకము నెఱిఁగిన పెద్దలకు నేను చెప్పనక్కఱలేదు.

ఇందొక విశేషము గమనింపఁదగినది. పల్లెలో గింజలరూపమునఁ గూలి గొనిన పాలేరును ఈ మారక మంతగా బాధింపలేదు. వానికి వేఱు కష్టము లెన్నియో కలవు, అది వేఱు మాట. కాని వాని కూలియు కూడును ఒకే కొలమానమున నుండెను. రొక్కపు కూలికి పట్టణముఁ జేరి, ఒక నాణెమున సంపాదించి, మఱియొక నాణెమున గింజలు కొనువాఁడే నలిగినవాఁడు. పరదేశపు నాణెము చెడ్డదని కాదు. సంపాదనకును కొనుగోలునకును నడుమ నున్న ఆ సందే ఆఁకలికి త్రోవ.

1947 నవంబరు 29వ తేదిన యథాతథపు టొడంబడిక జరిగినది. ఆ దినములలోనే నిజాము ప్రభుత్వము సంస్థానములో భారత నాణెము చెల్లదని శాసించెను. భారత ప్రభుత్వ మాక్షేపించెను. 1948లో బయటినుండి వచ్చు సరకుల రాకపోకలు బిగిసినవి. నిన్న చెల్లిన రూపాయిని నేఁడు చెల్లదనఁగా, దానిని కొంగున ముడివైచుకొన్నవారి గతి యేమి? రాజుల వివాదము ముందుగా పొయ్యికడనే తెలియును. సెప్టెంబరు 13 మొదలు 17 వఱకు పోలీసుచర్య; సంస్థానము భారతదేశమునఁ గలిసెను.

1950 జనవరి 26 నుండి భారత రూపాయి ఇచ్చటఁ జెల్లుబడి యయ్యెను. హాలీ వెంటనే పోలేదు. కొన్నియేండ్లు రెండును కలిసి నడచిన పిమ్మట ఉపసంహృత మయ్యెను. నూఱు హాలీల రాబడి కాగితముమీఁద 85 రూపాయల 11 అణాల చిల్లర యయ్యెను. ధరలన్నియు నదే పాలున దిగినచో నష్టము లేదు. కాని హాలీ అణాకమ్మిన తోటకూరకట్ట క్రొత్తలెక్కలో పది పైసలు, పైసలో రెండేడవ వంతులు. అట్టి నాణె మే టంకసాలయందును ముద్రింపఁబడలేదు.