చౌక నుంచి చౌకబారు దాకా: మిల్వాకీ పాబ్స్ట్ బ్రూవరీ, ఒక బీరు సాంఘిక చరిత్ర

తెలుగులో 'చౌక' వేరు, 'చౌకబారు' వేరు. 'చౌకధరల దుకాణం' అన్నప్పుడు కొనేవారి పట్ల చిన్నచూపు లేదు. సరుకు అందరికీ అందుబాటులో ఉందన్న అర్థమే ఉంది. 'చౌకబారు' అనగానే ధర వెనక్కి పోయి, ఆ వస్తువును ఇష్టపడేవారి అభిరుచి మీద తీర్పు ముందుకు వస్తుంది. ఒక వస్తువు మొదటి మాట నుంచి రెండో మాటకు ఎలా జారుతుంది, ఆ రెండో మాటే కొందరికి గర్వకారణంగా ఎలా మారుతుంది అనే ప్రశ్నకు అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీ నగరపు పాబ్స్ట్ బ్రూవరీ చరిత్ర మంచి ఆధారం. 1996లో మూతపడి దాదాపు పదేళ్లు పాడుబడి ఉన్న ఆ కర్మాగారాన్నీ, అక్కడ తయారీ ఆగిపోయిన తరువాతే కొత్త కీర్తి తెచ్చుకున్న 'పాబ్స్ట్ బ్లూ రిబ్బన్' బీరునూ కలిపి చదవడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇటుకలు చెప్పే సంగతి

1844లో జర్మనీ నుంచి వలస వచ్చిన జేకబ్ బెస్ట్ కుటుంబం మిల్వాకీలో ఈ వ్యాపారాన్ని ప్రారంభించింది. మిషిగన్ సరస్సు మీద ఆవిరి ఓడలు నడిపిన ఫ్రెడరిక్ పాబ్స్ట్ 1862లో ఆ ఇంటి అల్లుడై, 1864లో భాగస్వామి అయ్యాడు. 1889లో కంపెనీకి అల్లుడి పేరే స్థిరపడింది.

నగర మధ్యానికి పడమటి దిక్కున దాదాపు ఇరవై ఎకరాల్లో పరచుకున్న ఈ ఆవరణలోని ప్రధాన భవనాలు స్థానికమైన మట్టితో కాల్చిన లేత మీగడ రంగు ఇటుకలతో కట్టినవి. ఆ మట్టిలో సున్నపు పాలు ఎక్కువ కాబట్టి ఇటుక ఎర్రబడదు. పొగ, మసి పట్టి ఏళ్ల తరబడి నల్లబడుతుంది. మాల్ట్ తయారు చేసే భవనానికీ, బీరు వండే భవనానికీ పైన కోటబురుజుల మీద ఉండే పళ్ల వరుస వంటి నిర్మాణం ఉంది. బార్లీని మొలకెత్తించడానికీ, ఆరబెట్టడానికీ, ఉడికించడానికీ ఆ పళ్ల వరుసతో ఏ పనీ లేదు. అది కేవలం ప్రదర్శన. కార్మికుడు పనికి వచ్చే చోటును యజమాని రాజకోటగా చూపదలచాడని అనుకోవడంలో తప్పులేదు.

ఈ ఆవరణలో చరిత్రకారుడు వెతకవలసినది అలంకారాన్ని మాత్రమే కాదు. అప్పటి పన్ను చట్టం ప్రకారం బీరు తయారయ్యే చోటూ సీసాల్లో నింపే చోటూ వేరువేరుగా ఉండాలి. బీరును ముందు పీపాల్లో పోసి, పన్ను ముద్ర అంటించి, వీధి దాటించి, మళ్లీ పీపా విప్పి సీసాల్లో నింపేవారు. 1890లో చట్టం మారి, గొట్టం ద్వారా నేరుగా పంపడానికి అనుమతి లభించింది. ఆ మార్పు కోసం గట్టిగా ప్రయత్నించినవారిలో పాబ్స్ట్ ఒకడు. సీసా బీరు దేశవ్యాప్త సరుకుగా మారడంలో ఈ గొట్టం పాత్రను, ప్రకటనల చరిత్ర రాసేవారు తరచు మరచిపోతారు.

రిబ్బనూ ధరా

ఇప్పుడు చౌక బీరుకు మారుపేరైన ఈ సరుకు పుట్టుకలో చౌకతనం లేదు. 1882 నుంచి కంపెనీ తన మేలురకం సీసాల మెడకు నీలి పట్టు రిబ్బను కట్టింది. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో సెయింట్ లూయిస్‌కు చెందిన అన్హైజర్ బుష్‌తో జరిగిన పోటీ ఫలితం చాలాకాలం వివాదంగానే సాగింది. అయినా గెలుపు తనదేనని పాబ్స్ట్ చాటుకుంది. ఆ సంవత్సరాన్ని సీసా చీటీ మీద నేటికీ చూడవచ్చు.

1920 నుంచి 1933 దాకా సాగిన మద్యనిషేధ కాలంలో కంపెనీ జున్ను అమ్మి బతికింది. అసలు మలుపు 1960ల తొలినాళ్లలో వచ్చింది. అప్పటిదాకా మేలురకంగా అమ్మిన బీరు ధరను కంపెనీ తగ్గించి సామాన్యుల శ్రేణిలోకి దించింది. వ్యాపారపరంగా అది అపజయం కాదు. 1977 నాటికి అమ్మకాలు సుమారు ఒక కోటి ఎనభై లక్షల బ్యారెళ్లకు చేరాయి. కర్మాగారంలో పని ముగించుకుని వచ్చినవాడు భారం లేకుండా కొనగల బీరు అది. ఈ దశలో అది చౌకే గాని చౌకబారు కాదు. ధర తగ్గించడమే పతనానికి కారణమన్న సాధారణ వివరణ ఈ పదిహేనేళ్ల అమ్మకాలకు సమాధానం చెప్పదు.

పతనానికి కారణాలు వేరే ఉన్నాయి. సిగరెట్ల కంపెనీ ఫిలిప్ మోరిస్ చేతికి వచ్చిన మిల్లర్, అన్హైజర్ బుష్ కలిసి ప్రకటనల మీద కుమ్మరించిన ధనానికి రెండో వరుస కంపెనీలు నిలవలేకపోయాయి. 1985లో పాబ్స్ట్‌ను కొన్న పాల్ కాల్మనోవిట్జ్ ఖర్చు తగ్గింపునే సూత్రంగా పెట్టుకున్నవాడు. ప్రకటనలు ఆగాయి. 1996లో మిల్వాకీ కర్మాగారం మూతపడింది. విరమణ పొందిన కార్మికుల ఆరోగ్య సదుపాయాలను కూడా కంపెనీ రద్దు చేసింది. 1998లో ఫెడరల్ అప్పీలు న్యాయస్థానం కంపెనీకే అనుకూలంగా తీర్పునిచ్చింది.

శిథిలం, ఫ్యాషన్

ఖాళీ కర్మాగారం ఛాయాచిత్రకారులను ఆకర్షించింది. పెచ్చులూడిన గోడలు, రాగి కాగుల మీద పేరుకున్న ధూళి, బీరుకు పురాణ రాజుగా చెప్పే గాంబ్రినస్ రంగుటద్దాల కిటికీ: శిథిల సౌందర్యానికి కావలసిన సామగ్రి అంతా అక్కడ ఉంది. అటువంటి చిత్రాల్లో మనుషులు ఉండరు. భవనం దానంతట అదే ముసలిదైపోయినట్లు అవి చూపుతాయి. నిజానికి అది ఒక నిర్ణయం వల్ల ఖాళీ అయింది. ఆ నిర్ణయానికి తేదీ ఉంది, మూల్యం చెల్లించినవారు ఉన్నారు.

సరిగ్గా ఈ ఖాళీ కాలంలోనే బీరు కథ తిరగబడింది. 2001లో అమ్మకాలు పది లక్షల బ్యారెళ్ల లోపుకు పడిపోయాయి. కంపెనీ తన చివరి కర్మాగారాన్ని కూడా మూసి, తయారీని మిల్లర్‌కు అప్పగించింది. మరుసటి ఏడాది అమ్మకాలు పెరగసాగాయి. ఓరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ వంటి నగరాల్లో సైకిళ్ల మీద ఉత్తరాలు చేరవేసే యువకులు, సంగీత బృందాలవారు ఈ బీరును తమ గుర్తుగా ఎంచుకున్నారు. పాత్రికేయుడు రాబ్ వాకర్ 2003లో దీన్ని పరిశీలిస్తూ, ప్రకటనలు లేకపోవడమే దాని ఆకర్షణ అన్నాడు. అభిరుచి వర్గహోదాకు గుర్తుగా పనిచేస్తుందన్న పియర్ బోర్డ్యూ వాదానికి ఇది వక్రోదాహరణ: పై హోదాను కాదనడం కూడా ఒక హోదా అయింది. కాని ఆ ప్రకటనల మౌనం నిరాడంబరత నుంచి పుట్టింది కాదు, పొదుపు నుంచి పుట్టింది. కార్మికులకు సదుపాయాలు తెంచిన పొదుపూ అదే. కార్మికుని బీరుగా దాన్ని ఎంచుకున్న యువతరానికి ఈ సంబంధం కనిపించలేదు.

చైనాలో ఇంకో వింత. 2010లో అక్కడ 'బ్లూ రిబ్బన్ 1844' పేరుతో సీసా ఒక్కటి సుమారు నలభైనాలుగు డాలర్ల ధరకు మార్కెట్లోకి వచ్చింది. అంటే చౌకబారుతనం రుచిలో గాని పేరులో గాని లేదు. ఎవరి పక్కన కూర్చుని తాగుతామన్న దానిలో ఉంది.

2006లో జోసెఫ్ జిల్బర్ అనే స్థిరాస్తి వ్యాపారి ఆవరణను కొని పునరుద్ధరణ ప్రారంభించాడు. 2013లో బీరు వండిన భవనం హోటల్ అయింది; రాగి కాగులు ఇప్పుడు అతిథులకు అలంకారాలు. 2018లో పాబ్స్ట్ వేసిన దావా మిల్వాకీ న్యాయస్థానంలో విచారణకు వచ్చింది. తన బీరులో దాదాపు మొత్తాన్నీ తయారు చేస్తున్న మిల్లర్‌కూర్స్ ఒప్పందం కొనసాగించడానికి నిరాకరిస్తే తన మనుగడే పోతుందని వాదించింది. జ్యూరీ తీర్పు గురించి చర్చిస్తుండగానే ఇరుపక్షాలూ రాజీపడ్డాయి.