గదబల నిలువురాళ్లు

కళాశాలలో మానవశాస్త్రము తీసికొన్న విద్యార్థికి మొదటి యేడాదిలోనే ఒక చిక్కు ఎదురగును. ఒక గంటలో పెండ్లి ఆచారములను, వంశములను, సంతలను గూర్చి చెప్పుదురు. తరువాతి గంటలో బల్లపై రాతిగొడ్డళ్లు పరచి వాని అంచులు పరీక్షింపుమందురు. బ్రతికియున్న మనుష్యులను గూర్చి తెలిసికొనవచ్చినవానికి ఈ రాళ్లతో పనియేమి? కలకత్తా విశ్వవిద్యాలయములో 1920 ప్రాంతమున ఈ శాస్త్రమునకు ప్రత్యేక శాఖ ఏర్పడినది. నాటినుండి క్రమముగా మానవదేహము, సమాజము, చరిత్రకు పూర్వపు పనిముట్లు ఒకే శాస్త్రపు భాగములుగా చదువుట మన దేశమున వాడుకయైనది. ఈ కూర్పు ఎందుకో పుస్తకములో కంటె తూర్పుకనుమలలో బాగుగా తెలియును.

విశాఖపట్టణమునుండి అరకులోయకు పోవు దారిలో బొర్రా గుహలు కలవు. సున్నపురాతిని నీరు కరగించి తొలిచిన గుహలివి. 1990 దశకములో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు మానవశాస్త్రజ్ఞులు ఈ ప్రాంతమున వెదకి మధ్య ప్రాచీనశిలాయుగపు పనిముట్లు కనుగొనిరి. వాని వయస్సు 30,000 మొదలు 50,000 ఏండ్ల వరకు ఉండునని అంచనా. వానిని చేసినవారు ఏ భాష మాట్లాడిరో, చనిపోయినవారికి ఏమి చేసిరో చెప్పువారు లేరు. అక్కడినుండి కొండలెక్కి ఒడిషాలోని కోరాపుట్ పీఠభూమికి పోయినచో వేరొకవిధమగు రాళ్లు కనబడును. వానిని నిలిపినవారు ప్రక్కనే ఉందురు.

వారు గదబలు. విశాఖ మన్యములోను వీరున్నారు. కోరాపుట్ గదబల గ్రామములో రాళ్లతో కూర్చిన ఆసనముల వలయము ఒకటి ఉండును. దానిని సదర్ అందురు. ఊరివారు కూర్చుండి మాటలాడుకొను చోటు అదియే. అక్కడ నిలువురాళ్లు, వాని ముందు పరుపురాళ్లు ఉండును. మనిషి చనిపోయినప్పుడు చేయు కర్మతో గదబల పని ముగియదు. ఏండ్లు గడచిన పిమ్మట, ఒక్కొక్కప్పుడు ఒక తరమే గడచిన పిమ్మట, ఆ యింటివారు తమ మృతులనందరిని కలిపి గొత్ర్ అను పెద్దకర్మ చేయుదురు. మృతులు ఎనుములలో నిలిచినట్లు భావించి వానిని ఆదరముతో మేపుదురు. తరువాత పొరుగూరి చుట్టములు వానిని తీసికొనిపోవుదురు. మృతుల పేర రాళ్లు నిలుపుదురు. ఇవి సమాధులు కావు, స్మారకశిలలు. వేయియేండ్ల తరువాత ఎవరైన సమాధి యనుకొని ఇచ్చట తవ్వినచో వట్టిచేతులతో పోవలసినదే. ఎనుములు, చుట్టరికములు, ఇచ్చిపుచ్చుకొనుటలు మట్టిలో దొరకవు గదా!

ఎడ్గార్ థర్స్టన్ 1909లో 7 సంపుటములుగా ప్రకటించిన దక్షిణదేశపు కులముల, తెగల గ్రంథములో గదబల వర్ణన కలదు. కోరాపుట్ అప్పటికి విశాఖపట్టణము జిల్లాలోనిదే. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినపుడు విడిపోయినది. గదబ స్త్రీలు చెట్టునారతో నేసికొను చారల బట్టను గూర్చి థర్స్టన్ వ్రాసినది నేటికిని పనికివచ్చును. కాని ఆయనకు మనుష్యుల ముక్కులు, తలలు కొలుచుటయందు ఆసక్తి మెండు. ముక్కు వెడల్పుతో జాతిని నిర్ణయింపవచ్చునను ఆనాటి నమ్మకమును శాస్త్రము ఏనాడో విడిచినది.

రాళ్ల సంగతి గట్టిగా పట్టుకొన్నవాడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. వియన్నాలో చదివిన ఈయన రెండవ ప్రపంచయుద్ధకాలమున హైదరాబాదు సంస్థానములో ఉండిపోయి చెంచులను, కొండరెడ్లను గూర్చి గ్రంథములు వ్రాసెను. గదబల, బొండోల శిలాకర్మలపై ఆయన వ్యాసము 1943లో వెలువడినది. పిడి దూర్చుచోట ఇరుప్రక్కల చెక్కి భుజములవలె చేసిన నున్నని రాతిగొడ్డళ్లు తూర్పుభారతమునను ఆగ్నేయాసియాలోను దొరకును. గదబలలో కొందరు మాట్లాడు గుతోబ్, ముండా భాష. దాని చుట్టములగు భాషలు కంబోడియా, వియత్నాములలో కలవు. గొడ్డలి, భాష, నిలువురాయి మూడును ఒకే ప్రజతో తూర్పునుండి వచ్చినవని ఆయన ఊహ.

ఎంత చక్కని ఊహ! అందుచేతనే జాగ్రత్త అవసరము. గదబలలో మరికొందరి భాష ఒల్లారి, అది ద్రావిడభాష. బస్తరులోని మరియా గోండుల భాషయు ద్రావిడమే, అయినను వారును మృతులకు రాళ్లు నిలుపుదురు. కావున రాయిని చూచి భాష చెప్పుట కుదరదు. 1947లో వీలర్ బ్రహ్మగిరిలో త్రవ్వి వెలికితీసిన దక్షిణదేశపు రాతిసమాధులు ఇనుపయుగమునకు చెందినవి; తెలంగాణలో జనులు రాకాసిగుళ్లు అనునవి ఆ కోవలోనివే. వానికిని గదబల రాళ్లకును పోలిక కలదు. పోలిక చుట్టరికము కాదు.

భాష విషయమున మాత్రము ఆయన పూర్తిగా తప్పలేదు. 2011లో వెలువడిన జన్యుపరిశోధన ప్రకారము ముండా భాషలవారిలో తండ్రినుండి కొడుకునకు వచ్చు వై క్రోమోసోము పెక్కుమందిలో ఆగ్నేయాసియా జాడ చూపును. తల్లినుండి సంక్రమించు మైటోకాండ్రియా వారసత్వము ఈ దేశపుదే. అనగా వచ్చినవారిలో పురుషులే ఎక్కువ. వారు ఇచ్చటి స్త్రీలతో కాపురములు చేసిరనవలెను. వారు సముద్రముపై మహానది ముఖమునకు చేరిరని 2019లో భాషాశాస్త్రజ్ఞులు ఇద్దరు ప్రతిపాదించిరి. నిలువురాయి వారు తెచ్చినదా, ఇచ్చట నేర్చినదా అను ప్రశ్న తేలలేదు.

అందుచేత కోరాపుట్‌కో అరకుకో క్షేత్రపరిశీలనకు పోవు విద్యార్థి రెండు పనులు చేయవలెను. రాయి ఎత్తు, దిక్కు, దాని ముందరి పరుపురాయి కొలత పటములో గుర్తించుట పురావస్తుశాస్త్రము నేర్పును. ఎవరి పేర నిలిపిరి, ఏ ఊరివారు ఎనుములను తీసికొనిపోయిరి, ఆ ఋణము తీరినదా అని పెద్దలనడిగి వ్రాసికొనుట మానవశాస్త్రము నేర్పును. ఊరివారిని రాతియుగపు మిగులుగా చూచువానికి రెండవ పని చేతకాదు. గదబలు వరిపొలము దున్నుదురు, సంతకు పోవుదురు, వోటు వేయుదురు, పిల్లలను బడికి పంపుదురు. గొత్ర్‌కు కావలసిన ధాన్యము కూడబెట్టుకొనుటయు ఆ లెక్కలలోనిదే.