సెయింట్ లూయిస్ వాటర్ టవర్లు: ఇటుకల చాటున ఒక గొట్టం

అమెరికాలోని సెయింట్ లూయిస్ పేరు చెప్పగానే మనకు గుర్తొచ్చేది గేట్‌వే ఆర్చ్. ఆ ఊళ్ళోనే 19వ శతాబ్దంలో కట్టిన మూడు వాటర్ టవర్లు ఉన్నాయి. అమెరికాలో ఇలాంటివి ఏడే మిగిలాయని చెబుతారు.

వాటర్ టవర్ అనగానే మన ఊళ్ళలోని ఓవర్‌హెడ్ ట్యాంకు అనుకుంటాం. కానీ వీటిలో ట్యాంకు లేదు. లోపల ఉన్నది నిలువుగా నిలబెట్టిన ఒక పెద్ద ఇనుప గొట్టం మాత్రమే. దాన్ని స్టాండ్‌పైప్ అంటారు.

ఆ రోజుల్లో నీటిని తోడేవి ఆవిరి పంపులు. వాటి పిస్టన్ ముందుకీ వెనక్కీ కదులుతుంటే నీరు ఒకే ధారగా కాక, విసురు విసురుగా వచ్చేది. ఆ అదురుకు వీధుల్లోని పైపులు పగిలే ప్రమాదం ఉండేది. స్టాండ్‌పైపు ఉంటే, పంపు తోసినప్పుడు అందులో నీరు పైకి లేస్తుంది, తోపు తగ్గగానే కిందికి దిగుతుంది. ఊళ్ళోకి వెళ్ళే నీటి ఒత్తిడి నిలకడగా ఉంటుంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే ఇదొక బఫర్!

చలికాలంలో గొట్టంలో నీరు గడ్డకట్టకుండా, బోసి ఇనుము కంటికి కనపడకుండా చుట్టూ టవర్ కట్టారు. ఆర్కిటెక్టుల పనితనం ఇక్కడే కనిపిస్తుంది. 1871లో జార్జ్ బార్నెట్ గ్రాండ్ ఎవెన్యూ టవర్‌ను 154 అడుగుల తెల్లని కొరింథియన్ స్తంభంలా మలిచాడు. 1880లలో విలియం ఈమ్స్ రూపొందించిన బిసెల్ టవర్ ఎర్ర ఇటుకల మినార్‌లా ఉంటుంది. 1898 నాటి కాంప్టన్ హిల్ టవర్ హార్వీ ఎల్లిస్ డిజైన్. అడుగున మొరటు సున్నపురాయి, పైన లేత పసుపు ఇటుక, టెర్రకోట నగిషీలు. ఎత్తు 179 అడుగులు. గొట్టం చుట్టూ తిరిగే మెట్లెక్కితే ఊరంతా కనిపిస్తుంది.

పంపులు మారాక వీటికి పని లేకుండా పోయింది. కాంప్టన్ హిల్ టవర్ 1929లో విశ్రాంతి తీసుకుంది. పనికిరాని ఉత్త గొట్టమే అయితే ఏనాడో తుక్కు కింద అమ్మేసేవారు. అందంగా కట్టారు కనుకే ఊరివాళ్ళు వదులుకోలేదు. 1970లలో మూడూ జాతీయ చారిత్రక కట్టడాల జాబితాలో చేరాయి. 1990లలో కాంప్టన్ హిల్ టవర్‌ను బాగుచేయించారు.

ఈసారి సెయింట్ లూయిస్ వెళ్ళినప్పుడు, ఆర్చ్ చూశాక ఒక గంట వీటికీ కేటాయించండి. పైకి ఎక్కనిచ్చే రోజులు ముందుగా కనుక్కుని వెళ్ళడం మంచిది.